అక్క అకౌంట్ ఆపేశారు, నేను నోరు విప్పాలా?

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరమిది. తన పేరూ కాలేజీ పేరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి అవసరమైనంత వరకు ఇక్కడ చెబుతాను.

ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో కణుతుల్ని గుర్తించే మోడల్ తయారుచేయడం ఆమె ప్రాజెక్టు. అందుకు ఎల్‌ఐడీసీ-ఐడీఆర్‌ఐ అనే, అందరూ వాడుకోగల డేటాసెట్ తీసుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ‘ట్రైనింగ్ మొదలుపెట్టగానే మెమరీ చాలలేదని ఆగిపోతుంది. దీని మీద ఇంతవరకు ఒక్క ఎపాక్ (డేటా మొత్తాన్ని ఒకసారి చూడడం) పూర్తవడం చూడలేదు’ అని రాశారు. కాలేజీలో మంచి జీపీయూలున్న (గ్రాఫిక్స్ కార్డులున్న) క్లస్టర్, అంటే అందరూ కలిసి వాడుకునే కంప్యూటర్ల సమూహం ఉంది. దాని అకౌంట్లు మాత్రం పీహెచ్‌డీ వాళ్లకీ, ఫ్యాకల్టీకే ఇస్తారు. బీటెక్ లాంటి డిగ్రీ విద్యార్థులకు కావాలంటే ఎవరైనా ఫ్యాకల్టీ పూచీ పడి సంతకం పెట్టాలి. గైడ్‌ని అడిగితే ‘అవన్నీ నీకెందుకమ్మా, ఉన్నదాంతో చిన్నగా చెయ్యి’ అన్నారట.

అదే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్ అక్క జాలిపడి తన పాస్‌వర్డ్ ఇచ్చింది. ‘రాత్రిళ్లు వాడుకో, ఎవరితోనూ అనకు’ అంది. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక రాత్రి క్యూలో పెట్టిన జాబ్ (క్లస్టర్‌కి అప్పగించిన పని) ఎంతకీ మొదలవకపోయేసరికి, స్కాన్లను సిద్ధం చేసే స్క్రిప్ట్‌ను లాగిన్ నోడ్ మీదే 32 ప్రాసెస్‌లతో నడవనిచ్చి ఈమె పడుకున్నారు. తెల్లారేసరికి అక్క అకౌంట్ ఆపేశారు. క్యూలో ఉన్న అక్క జాబులు రద్దయ్యాయి. ఆమె పేపర్ పంపాల్సిన గడువేమో దగ్గరపడింది. క్లస్టర్ చూసుకునే అడ్మిన్ అడిగితే ‘నేనే చూసుకోకుండా నడిపాను’ అని అక్క తన మీద వేసుకుంది. ‘నువ్వు మాట్లాడకు, ఇద్దరం ఇరుక్కుంటాం’ అని ఈమెకు చెప్పింది. అప్పటినుంచి సరిగ్గా పలకరించడం లేదు.

టీమ్‌మేట్ ఒకడు, ఎవరో మెసేజింగ్ యాప్‌లో జీపీయూ లాగిన్లు చవగ్గా అమ్ముతున్నారు, కొనేద్దాం అంటున్నాడు. రివ్యూకి నెలన్నర కూడా లేదు. ‘టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజం చెప్పాలా? నాకంటూ ఒక అకౌంట్ వచ్చే దారుందా? టాపిక్ మార్చుకోవాలా? అయినా మాలాంటి వాళ్లకు ఇవ్వనప్పుడు ఆ మెషీన్ కాలేజీలో ఎందుకు?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

ఆ రాత్రి సంగతి మీరు ‘ఒక స్క్రిప్ట్ నడిపాను’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అడ్మిన్ కుర్చీలోంచి చూస్తే అది అంత చిన్న విషయం కాదు. ఆయన కోపం ఎందుకో అర్థమైతే తప్ప ఆయనతో ఏం మాట్లాడాలో మీకు తెలియదు, అందుకే అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

లాగిన్ నోడ్ అంటే క్లస్టర్‌లోకి అందరూ వచ్చే గుమ్మం. కోడ్ దిద్దుకోవడం, ఫైళ్లు చూసుకోవడం, జాబ్ పెట్టడం, అంతవరకే దాని పని. బరువు పనులన్నీ, ఎవరి జాబ్ ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ ద్వారా లోపలి నోడ్ల (కంప్యూటర్ల) మీదికి వెళ్లాలి. మీరు తీసుకున్న డేటాసెట్‌లో 1018 స్కాన్లున్నాయి, కానీ ఒక్కో స్లైసూ (స్కాన్‌లోని ఒక్కో అడ్డకోత బొమ్మ) ఒక్కో ఫైలు కాబట్టి ఫైళ్లు 2,40,000 పైచిలుకు. ఒక్కోటీ అర ఎంబీ. వాటిని 32 ప్రాసెస్‌లు ఒకేసారి తెరుస్తూ మూస్తూ పోతే గుమ్మం దగ్గరున్న ప్రాసెసర్ కోర్లు నిండిపోవడం ఒక ఎత్తు. స్టోరేజీ మీద పడే దెబ్బ ఇంకో ఎత్తు. క్లస్టర్లలో స్టోరేజీ అందరికీ ఉమ్మడి. పెద్ద ఫైళ్లను వేగంగా చదవడంలో దానికి తిరుగులేదు. చిన్న ఫైళ్లను లక్షల్లో తెరవమంటే మాత్రం, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సర్వర్ ఒక్కటే ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు మీకు సంబంధం లేని మనిషి ఫోల్డర్‌లో ఏముందో చూద్దామని ఎంటర్ నొక్కి అర నిమిషం తెల్లమొహం వేసుకుని కూర్చుంటాడు. లోపలి నోడ్ల మీద అప్పటికే నడుస్తున్న జాబులు కూడా నత్తనడక నడుస్తాయి. ఆ రాత్రి అడ్మిన్‌కి ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయో ఊహించుకోండి.

ఇంకో సంగతి మీ దృష్టికి వచ్చినట్టు లేదు. స్లర్మ్ లాంటి షెడ్యూలర్లను చాలాచోట్ల ఎలా అమరుస్తారంటే, ఈమధ్య ఎక్కువ వాడినవాళ్లు క్యూలో వెనక్కి పోతారు, తక్కువ వాడినవాళ్లు ముందుకొస్తారు. పాత వాడకం లెక్కలోంచి మెల్లగా కరిగిపోతుంది. స్లర్మ్‌లో ఆ అంకె ఎవరూ మార్చకపోతే వారానికి సగం చొప్పున తగ్గుతుంది. మీ క్లస్టర్‌లోనూ ఇదే పద్ధతి ఉంటే మీరు రాత్రిళ్లు నడిపిన ప్రతి గంటా అక్క పద్దులోనే పడింది. ఆమె జాబులు మీవల్ల కొన్ని వారాలుగా ఆలస్యమవుతూనే ఉండొచ్చు. అది ఆమెకు ముందే తెలిసీ ఊరుకుందో, ఇప్పుడు లెక్క చూసుకుని గతుక్కుమందో చెప్పలేను. పలకరింపు తగ్గడానికి ఆ ఒక్క రాత్రే కారణమని మాత్రం అనుకోకండి.

ఇక నిజం చెప్పాలా వద్దా అనేది.

చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? కొన్నాళ్లకు అక్క అకౌంట్ తెరుస్తారు, గొడవ సద్దుమణుగుతుంది. అలా జరగడానికి అవకాశం బాగానే ఉంది, లేదని బుకాయించను. అయితే లాగిన్ ఎక్కడినుంచి, ఎన్ని గంటలకు జరిగింది, ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఫైళ్లు పుట్టాయి అన్నవన్నీ లాగ్‌లలో ఉంటాయి. ఒకే అకౌంట్‌లోకి పగలు ల్యాబ్‌నుంచి, రాత్రి హాస్టల్ నెట్‌వర్క్‌నుంచి ఎవరో వస్తున్నారని చూసే అడ్మిన్‌కి తెలుస్తూనే ఉంటుంది. ఫోల్డర్ పేరులో మీ ప్రాజెక్టు పేరుంటే ఇక చెప్పేదేముంది. ఆయనకు ఇప్పటికే అనుమానం ఉండి, అక్క ఎంతవరకు అబద్ధం చెబుతుందో చూస్తూ ఉండొచ్చు కూడా. రేపు బయటపడితే అక్క చేసింది పాస్‌వర్డ్ పంచుకోవడంతో ఆగదు, అడిగినప్పుడు అబద్ధం చెప్పడం కూడా అవుతుంది. రెండోదానికి పడే శిక్ష పెద్దది, పడేది ఆమెకు. ఇంకో చిక్కు కూడా ఉంది. మీకంటూ అకౌంట్ కావాలని రేపు దరఖాస్తు పెడితే అది చూసేది ఈ అడ్మినే. అంతకుముందు ట్రైనింగ్ ఎక్కడ చేశావని గైడ్ అడిగినా, రివ్యూలో ఇంకెవరైనా అడిగినా మళ్లీ ఒక కట్టుకథ చెప్పాలి.

చెబితే ఏమవుతుంది? మిమ్మల్ని కొన్నాళ్లు క్లస్టర్ దగ్గరికి రానివ్వకపోవచ్చు. ఈ సెమిస్టర్‌కి అకౌంట్ ఆశ పోవచ్చు. అక్కకు నోటీసు రావచ్చు, ఆమె గైడ్ నాలుగు మాటలు అనొచ్చు. ఇవి చిన్నవి కావు. అయితే నేను విన్నంతలో, తప్పు చేసిన విద్యార్థి తనంతట తాను వచ్చి ఏం జరిగిందో సరిగ్గా చెబితే అడ్మిన్లు సాధారణంగా మెత్తబడతారు. వాళ్లకు కావాల్సింది ఇది మళ్లీ జరగదన్న నమ్మకం. అకౌంట్‌లోకి వస్తున్న రెండో మనిషి ఎవరో తెలిస్తే వాళ్ల తలనొప్పి సగం తగ్గుతుంది. 2020 మే నెలలో బ్రిటన్‌లోని ఆర్చర్ సూపర్‌కంప్యూటర్‌నీ, జర్మనీలో మరికొన్నింటినీ ఒకే వారంలో బయటివాళ్లకు మూసేయాల్సి వచ్చింది. దొంగిలించిన లాగిన్లతో ఎవరో చొరబడ్డారు. ఆ తర్వాత ‘ఈ అకౌంట్ వాడుతున్నది నిజంగా దాని మనిషేనా?’ అన్న ప్రశ్న ఏ అడ్మిన్‌కైనా నిద్రలేకుండా చేసేదే. మీరు చేసింది దొంగతనం కాదు. కానీ బయటినుంచి చూసేవాళ్లకు దానికీ దీనికీ తేడా వెంటనే కనిపించదు.

నా మొగ్గు చెప్పడం వైపే. కానీ ఒంటరిగా వెళ్లి చెప్పొద్దు. ఈ నిజం మీ ఒక్కరిదే కాదు. మీరు నడిపారన్నది మీది, పాస్‌వర్డ్ ఇచ్చిందన్నది ఆమెది. ఆమెకు తెలియకుండా మీరు చెబితే మీ మనసు తేలికపడుతుందేమో, ఆమె మాత్రం అబద్ధాలకోరుగా నిలబడుతుంది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకే ల్యాబ్‌లో ఎదురెదురుగా కూర్చోవడం ఎలాగూ ఎక్కువ కాలం సాగదు. ముందు ఆమెతో విడిగా మాట్లాడండి. ‘అక్కా, నన్ను కాపాడావు, కానీ నీ పేపర్ నావల్ల ఆగడం నాకు ఇష్టం లేదు. నడిపింది నేనేనని అడ్మిన్‌తో నేను చెబుతాను. పాస్‌వర్డ్ సంగతి నువ్వు ఎలా చెప్పాలనుకుంటున్నావో చెప్పు, ఇద్దరం కలిసి వెళ్దాం’ అనండి. ఆమె ఒప్పుకోకపోవచ్చు. తన అకౌంట్ తెరిచేదాకా ఆగమనొచ్చు. పేపర్ గడువు పెట్టుకున్న మనిషి అలా అడగడంలో తప్పులేదు. అలా అడిగితే ఒక తేదీ అనుకుని ఆగండి. తేదీ లేకుండా ‘తర్వాత చూద్దాం’ అనుకుంటే ఆ తర్వాత అన్నది ఎప్పటికీ రాదు. అసలు వద్దే వద్దంటే నిర్ణయం మీదే. అప్పుడు కూడా కనీసం మీ గైడ్‌కి మీవరకు జరిగింది చెప్పడం మంచిది, ఎందుకో కింద చెబుతాను.

చెప్పడానికి ఒప్పుకుంటే మెయిల్ పొట్టిగా ఉండాలి. ఉదాహరణకి ఇలా:

‘నమస్కారం సర్. ఫలానా తేదీ రాత్రి లాగిన్ నోడ్ మీద నడిచిన స్క్రిప్ట్ నాది. అకౌంట్ నాది కాదు, నాకు అకౌంట్ లేదు. సీటీ స్కాన్ల ఫైళ్లు మార్చడానికి 32 ప్రాసెస్‌లు పెట్టాను. దానివల్ల స్టోరేజీ అందరికీ నెమ్మదిస్తుందని అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. ఆ పని ఇక క్లస్టర్ మీద చెయ్యను. పాస్‌వర్డ్ మార్చేశాం. మీరు పిలిస్తే వచ్చి వివరంగా చెబుతాను.’

ఇంతే. ఏడుపులు, ప్రాజెక్టు కష్టాలు, గైడ్ సాయం చేయలేదన్న ఫిర్యాదు, ఏవీ ఇందులో వద్దు. ముఖ్యంగా అకౌంట్ ఇమ్మన్న విన్నపం ఇదే మెయిల్‌లో పెట్టకండి. క్షమాపణ, దరఖాస్తు ఒకే కాగితం మీద ఉంటే మొదటిది రెండోదాని కోసమే అనిపిస్తుంది.

ఇప్పుడు అకౌంట్ సంగతికి వద్దాం. ‘మాకు ఇవ్వరు’ అని మీరు ఉత్తరమంతా రాశారు. కానీ మీరు చెప్పిన నియమం ప్రకారం ఇస్తారు. పూచీకి ఒక మనిషి కావాలంతే. మిషన్ మీద ఖాళీ గంటలు రాత్రిళ్లు దొరుకుతూనే ఉంటాయి, మీరే చూశారు. మీకు దొరకనిది ‘ఈ అమ్మాయి ఏం చేసినా నేను జవాబు చెబుతాను’ అనే సంతకం. మీ గైడ్ ఆ సంతకం ఎందుకు పెట్టలేదు? ఆయనకు క్లస్టర్ గురించి పెద్దగా తెలియకపోవచ్చు, తెలియని దానికి పూచీ ఉండాలంటే ఎవరికైనా భయమే. ఫారం నింపే ఓపిక లేకపోవచ్చు. లేదా మీరు ‘సర్, జీపీయూ కావాలి’ అని మాత్రమే అడిగి ఉండొచ్చు. ఎన్ని గంటలు, దేనికి, ఎన్నాళ్లు అని లేకుండా అడిగితే వినేవాళ్లకు అది అంతూ పొంతూ లేని కోరికలా ఉంటుంది.

లెక్కతో వెళ్లండి. ఆ లెక్క ముందు మీకు తెలియాలి, అసలు మెలిక కూడా అక్కడే ఉంది. 512×512 పిక్సెళ్ల స్లైసులు 300 ఉన్న ఒక స్కాన్ తీసుకుందాం. ఒక్కో విలువకు 4 బైట్లు చొప్పున అది సుమారు 315 ఎంబీ. ఇంతవరకు బాగానే ఉంది. స్కాన్‌ను ఘనంగా చూసే 3డీ యూ-నెట్ లాంటి నెట్‌వర్క్ మొదటి పొరలోనే దాన్ని 32 చానెళ్లు (అంతే సైజున్న 32 ఫలితాలు) చేస్తే, ఆ ఒక్క పొర ఫలితాన్ని దాచుకోవడానికే 10 జీబీ కావాలి. ట్రైనింగ్‌లో వెనక్కి లెక్కలు కట్టాలి కాబట్టి అలాంటి పొరలన్నీ మెమరీలో ఉండాల్సిందే. అంటే మీ 4 జీబీ కార్డు సరే, క్లస్టర్‌లోని 40 జీబీ కార్డు కూడా మొత్తం స్కాన్‌ను ఒకేసారి మింగలేకపోవచ్చు. అదే స్కాన్‌లోంచి 128×128×128 ముక్క కోస్తే మొదటి పొరకు 270 ఎంబీ కూడా పట్టదు. 96 ముక్క అయితే 113 ఎంబీ. సగం బిట్లతో లెక్కలు చేసే మిక్స్‌డ్ ప్రెసిషన్ పెడితే అందులోనూ దాదాపు సగం.

పైగా మీరు వెతుకుతున్నది ఎంత? ఊపిరితిత్తుల్లో నాడ్యూల్ (చిన్న కణుతి) అనేది 30 మిల్లీమీటర్లు దాటదు, దాటితే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. అంత చిన్నదాని కోసం మొత్తం ఛాతీని ఒకేసారి చూపించాల్సిన పనే లేదు. కాబట్టి ‘చిన్నగా చెయ్యి’ అన్న మీ గైడ్ మాటను తీసిపారేయకండి. ఆయన విసుగ్గా అన్నారేమో కానీ, మాటలో పస ఉంది.

ఇక ఆ రాత్రి మీరు చేయబోయిన ఫైళ్ల పని. దానికి జీపీయూ అక్కర్లేదు, క్లస్టరూ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, రెండు మూడు ప్రాసెస్‌లతో వదిలేసి మీరు క్లాసుకి వెళ్లిపోవచ్చు. ఒక్కో స్కాన్‌నూ ఒక్క ఫైలుగా చుట్టేస్తే 2,40,000 ఫైళ్లు కాస్తా 1018 అవుతాయి. రేపు మీకు అకౌంట్ వచ్చినా ఆ 1018 ఫైళ్లే పైకి పంపండి.

తర్వాత ల్యాప్‌టాప్ మీదే 96 ముక్కతో, బ్యాచ్ సైజు 1తో, అంటే స్టెప్పుకి ఒక్క ముక్క చొప్పున, ఒక వంద స్టెప్పులు నడిపి, స్టెప్పుకి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోండి. ఆ పక్కనే జీపీయూ ఎంత శాతం పనిచేస్తోందో చూడండి. అది 20 శాతం దగ్గర ఊగుతుంటే మీ కార్డు ఖాళీగా కూర్చుని డేటా కోసం ఎదురుచూస్తోందని అర్థం. అప్పుడు ఎంత పెద్ద కార్డు ఇచ్చినా అదీ అలాగే ఎదురుచూస్తుంది. అది సరిచేసుకున్నాక గుణించండి. ఉదాహరణకి స్టెప్పుకి 0.8 సెకన్లు, ఎపాక్‌కి 250 స్టెప్పులు, 200 ఎపాక్‌లు అనుకుంటే 40,000 సెకన్లు, అంటే 11 గంటలు. అలాంటి ప్రయోగాలు మూడు, కొంత వెసులుబాటుతో కలిపి 50 జీపీయూ గంటలు. కొన్ని నోడ్లున్న క్లస్టర్‌కి 50 గంటలు లెక్కలోకే రావు. ‘సర్, ఒక్క జీపీయూ, మొత్తం 50 గంటలు, ఒక్కో జాబ్ 4 గంటలకు మించదు, ఈ తేదీకల్లా అకౌంట్ మూసేయొచ్చు’ అని ఒక పేజీ రాసి, నింపిన ఫారంతో సహా గైడ్ ముందు పెట్టండి. ఆయన చేయాల్సింది సంతకం ఒక్కటే అవ్వాలి.

ఆ రాత్రి సంగతి గైడ్‌కి ఈ సంతకం ముందే తెలియాలి. ఆయన పూచీ పడ్డాక అడ్మిన్ నోట ‘ఈ అమ్మాయేనా?’ అని వింటే మీమీద నమ్మకం పూర్తిగా పోతుంది. ముందే చెబితే ఆయన సంతకం పెట్టకపోవచ్చు, నిజమే. అప్పుడు డిపార్ట్‌మెంట్‌లో క్లస్టర్ వాడే ఇంకో ఫ్యాకల్టీని కో-గైడ్‌గా అడగడం ఒక దారి. ఏదైనా ల్యాబ్ కోర్సు పేరుతో తరగతి అంతటికీ కలిపి తాత్కాలిక అకౌంట్లు తెరిచే పద్ధతి కొన్ని చోట్ల ఉంటుంది, మీ దగ్గర ఉందేమో కనుక్కోవచ్చు.

4 గంటలని ఎందుకన్నానో చెప్పాలి. మీ జాబ్ క్యూలో ఇరుక్కోవడానికి కారణం మీరు మూడు రోజుల సమయం అడగడం కావచ్చు. నాలుగు నోడ్లు ఒకేసారి కావాల్సిన పెద్ద జాబ్ ఒకటి వరసలో ముందుంటే, ఆ నోడ్లు ఖాళీ అయ్యేలోపు మధ్యలో చిన్న చిన్న సందులు ఏర్పడతాయి. పెద్ద జాబ్ ఆలస్యం కానంతవరకు ఆ సందుల్లోకి షెడ్యూలర్ చిన్న జాబుల్ని దూరుస్తుంది, దాన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. మూడు రోజులు అడిగినవాళ్లకు ఆ సందు చాలదు, 4 గంటలు అడిగినవాళ్లకు సరిపోతుంది. 11 గంటల ట్రైనింగ్‌ను మూడు ముక్కలు చేసి, అరగంటకోసారి మోడల్‌ను ఫైల్లోకి సేవ్ చేస్తూ, ఒక ముక్క అయ్యాక తర్వాతది అక్కడినుంచే అందుకునేలా రాసుకుంటే చాలు. మధ్యలో కరెంటు పోయినా, జాబ్‌ను ఆపేసినా పోయేది అరగంట పని. ల్యాప్‌టాప్‌లోనూ ఈ అలవాటు పనికొస్తుంది.

అకౌంట్ రాకపోతే? కోలాబ్, కాగిల్ లాంటి వెబ్‌సైట్లలో ఉచితంగా జీపీయూ దొరుకుతుంది. కోలాబ్‌లో ఉచిత సెషన్ మహా అయితే 12 గంటలు, అది కూడా ఆ సమయానికి ఖాళీ ఉంటేనే. మధ్యలో తెగిపోవచ్చు, రోజూ ఒకే కార్డు రాదు. కాగిల్‌లో వారానికింత అని కోటా ఉంటుంది. పైన చెప్పినట్టు ముక్కలు చేసుకున్నవాళ్లకు ఇవి బాగానే సరిపోతాయి. మీ డేటా అందరికీ తెరిచి ఉన్నదే కాబట్టి పైకి పంపడంలో ఇబ్బంది లేదు. ఏదైనా ఆసుపత్రినుంచి తెచ్చిన స్కాన్లయితే మాత్రం ఈ దారి తొక్కనే కూడదు. డబ్బు కట్టి క్లౌడ్ తీసుకోవడం ఇంకో దారి. అందులో ముంచేది గంట రేటు కాదు, పనయ్యాక మిషన్ ఆపడం మర్చిపోవడం. ఖర్చు ఇంత దాటితే కబురు పంపమని అలర్ట్ పెట్టుకోకుండా మొదలుపెట్టకండి. టీమంతా పంచుకోవాల్సిన ఖర్చును ఒక్కరి కార్డు మీద వేయడం కూడా గొడవలకు దారి.

మీ టీమ్‌మేట్ చెప్పిన చవక లాగిన్ల సంగతి. ఎవరో ఎక్కడో కొట్టేసిన అకౌంట్ అయ్యుండడానికే ఎక్కువ అవకాశం. ఒక అకౌంట్ గొడవలోంచి బయటపడకముందే ఇంకో దాంట్లో దిగొద్దు. అతనికి ఆ మాట మెత్తగా కాకుండా గట్టిగానే చెప్పండి.

మిషన్ ఎందుకున్నట్టు అని అడిగారు కదా, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. గైడ్‌కి క్లస్టర్ అలవాటుంటే ఆయన విద్యార్థులకు దారి సులువు, లేకపోతే మూత. తెలివికీ శ్రద్ధకీ సంబంధం లేకుండా గైడ్ల అలాట్‌మెంట్‌లో ఎవరి పేరు వచ్చిందన్నదాన్ని బట్టి అవకాశం రావడం సబబు కాదు. డిగ్రీ విద్యార్థులకు ఇవి తలకు మించినవన్న వాదన కూడా నిలవదు. అమెరికాలో జరిగే సూపర్‌కంప్యూటింగ్ మహాసభల్లో 2007 నుంచి విద్యార్థుల క్లస్టర్ పోటీ నడుస్తోంది. అక్కడ డిగ్రీ విద్యార్థులు కరెంటు వాడకానికి ఒక పరిమితి పెట్టుకుని, తామే క్లస్టర్ కట్టి నడుపుతారు. అంతకుముందు 1994లో నాసా గాడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు పీసీలు 16 కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. మీ ల్యాబ్‌లో మూలన పడేసిన డెస్క్‌టాప్‌ల మీద కూడా స్లర్మ్ పెట్టి, క్యూలో జాబ్ పెట్టడం, ఎర్రర్లు చూసుకోవడం నేర్చుకోవచ్చు. లాగిన్ నోడ్ మీద చేయకూడని తప్పులన్నీ అక్కడ హాయిగా చేయొచ్చు.

కాలేజీ తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండానే దారి తీయొచ్చు. 2020లో వచ్చిన ఏ100 జీపీయూని ఏడు వరకు చిన్న ముక్కలుగా విడగొట్టే వీలుంది. ఒక్క కార్డును అలా చేస్తే ఏడుగురు విద్యార్థులకు తలో ముక్క వస్తుంది. లేదా విద్యార్థుల జాబులకు అన్నిటికన్నా కింది ప్రాధాన్యం ఇచ్చి, పరిశోధకుల జాబ్ రాగానే వీటిని ఆపి మళ్లీ క్యూలో పెట్టే ఏర్పాటు చేయొచ్చు. స్లర్మ్‌లో అది ఉన్నదే. దీనివల్ల పరిశోధకులు పోగొట్టుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఇవన్నీ అడగాల్సినవే. కానీ అడిగేది మీరొక్కరే అయితే, అదీ ఈ నెలలోనే అయితే, ‘తప్పు చేసి పట్టుబడ్డాక హక్కులంటోంది’ అని కొట్టిపారేస్తారు. మీ గొడవ తేలాక, ఇదే ఇబ్బంది పడుతున్న మరికొందరితో కలిసి, ఎవరికి ఎన్ని గంటలు కావాలో రాసిన పట్టికతో హెచ్ఓడీ దగ్గరికి వెళ్లండి. అడ్మిన్‌ని ముందే కలుపుకుంటే ఇంకా మంచిది. కుదురుగా నేర్పించి అకౌంట్ ఇస్తే దొంగచాటు లాగిన్లు తగ్గుతాయన్నది ఆయనకే బాగా తెలుసు.

ఒక చిన్న పని మర్చిపోకండి. ఆపేసిన అకౌంట్‌లో మీ పాత మోడల్ ఫైళ్లు ఉంటే అవి స్క్రాచ్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లోనే ఉండుంటాయి. స్క్రాచ్‌కి సాధారణంగా బ్యాకప్ ఉండదు, పాత ఫైళ్లను వాటంతటవే తుడిచేసే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. అడ్మిన్‌తో మాట్లాడేరోజే అవి కాపీ చేసి ఇవ్వగలరా అని అడగండి. కాదంటే పట్టుబట్టొద్దు, మొదటినుంచి నడిపినా 11 గంటల పని.

టాపిక్ మార్చడం గురించి ఇప్పుడే తేల్చుకోకండి. ఈ వారంలో ఫైళ్ల పని ముగించి, 96 ముక్కతో ల్యాప్‌టాప్ మీద ఒక్క ఎపాక్ పూర్తవుతుందేమో చూడండి. పూర్తయితే టాపిక్ అలాగే ఉంచి, 1018 స్కాన్లకు బదులు ఒక 200 స్కాన్లతో, ఎందుకు తగ్గించారో రిపోర్టులో రాసి ముందుకెళ్లొచ్చు. డిగ్రీ ప్రాజెక్టుకి అది తక్కువేమీ కాదు. 64 ముక్కకి దిగినా నడవకపోతే, కోలాబ్‌లోనూ వారం గడిచినా కుదరకపోతే, 3డీ వదిలేసి స్లైసుల మీద 2డీ మోడల్‌కి మారండి. డేటా అదే, మీరు రాసుకున్న ఫైళ్ల కోడ్‌లో ఎక్కువ భాగం అదే ఉంటుంది కాబట్టి గైడ్‌కి కొత్త టాపిక్ ఒప్పించాల్సిన అవసరం కూడా రాదు.